అంచుపట్టీ వెడల్పు: ఏకప్రమాణ వాదఖండనము

బొంతలు కుట్టువారిలో నేడొక మతము ప్రబలియున్నది. బొంత పెద్దదైనను చిన్నదైనను, నడుమ పఱచిన దూది పలుచనిదైనను దళసరిదైనను, అది పసిబిడ్డ నేలమీద ఈడ్చుకొని తిరుగునదైనను గోడకు వ్రేలాడదీయునదైనను, నాలుగంచులను చుట్టివచ్చెడి పట్టీని మాత్రము రెండున్నర అంగుళముల వెడల్పున కత్తిరింపవలెననియు, అంతకుమించి ఈ విషయమున ఆలోచింపవలసినదేమియు లేదనియు ఆ మతసారము. నేర్పువారు నేర్చువారికి తొలుతనే ఈ అంకెను అప్పగింతురు. నమూనా పుస్తకములు బొంత లోపలి పనిని పుటలకొలది వివరించి, అంచునకు వచ్చునప్పటికి ఈ అంకెను ఒక్క వాక్యమున చెప్పి ముగించును. అనుభవము గలవారు సైతము, ఏలయని అడిగినచో, అందఱును అట్లే చేయుదురని బదులు చెప్పుదురు. ఈ మతము తప్పని నా దృఢాభిప్రాయము. రెండున్నర యను సంఖ్యయందు దోషము లేదు. కొన్ని బొంతలకు అదియే తగిన కొలత కూడ. లెక్క ముగిసిన పిమ్మట ఫలముగా లభింపవలసినదానిని లెక్కకు ముందే నియమముగా నిలుపుటయందే దోషమున్నది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, బొంత దళమెంతయో, అంచుకుట్టు ఎచ్చట పడునో తెలియకముందే పట్టీ వెడల్పును నిశ్చయించుట యుక్తము కాదు.

ఈ అంకెకు ఇంతటి గౌరవమెట్లు కలిగెనో విచారించితిమేని, అది బొంత అవసరమునుండి పుట్టినది కాదని తేటపడును. 1979లో జపాను దేశపు ఓల్ఫా సంస్థ గుండ్రని అలుగుగల రోటరీ కట్టరును వెలువరించినది. అంతవఱకు గీత గీచి, కత్తెరతో ఒక్కొక్క ముక్కను కోసికొనుచుండిన చేతులకు, మడతపెట్టిన గుడ్డపై పారదర్శకమైన స్కేలును అదిమిపట్టి అలుగును దొర్లించి, గుడ్డ పన్నా పొడవున, అనగా 42 మొదలు 44 అంగుళముల పొడవున, వంకరలేని పట్టీలను క్షణములో తీయుట సాధ్యమయ్యెను. ఆ సాధనము చేసిన మేలు అపారము. పిమ్మట ఆ కోతశ్రమను కూడ తప్పించుటకై వ్యాపారులు ఒకే రంగుల పొందికకు చెందిన పట్టీలను ఇంచుమించు 40 చేర్చి, రెండున్నర అంగుళముల వెడల్పున యంత్రముతో కోసి, చుట్టగా చుట్టి, జెల్లీ రోల్ అని అమ్మసాగిరి. ఆ చుట్టలు అతుకుల పనికై ఉద్దేశింపబడినవి: రెండు ప్రక్కల పావేసి అంగుళము కుట్టులోనికి పోగా సరిగా రెండంగుళముల పట్టీ నిలుచును, గడుల లెక్క సులభమగును. రెండున్నర అంగుళముల అంచుపట్టీని అంతకుముందును కొందఱు వాడుచుండిరి. కాని పలువురి ఆచారములలో ఒకటిగా ఉండినది ఏకైక శాసనముగా మాఱుటకు, ఇంటింట మిగిలిపోయిన ఈ చుట్టల పట్టీలే ముఖ్యకారణమని నా నిర్ణయము. చేతికందిన గుడ్డ వెడల్పు బొంత అంచునకు నియమమైనది.

అంచుపట్టీ చేయు పని యేదో ముందు గ్రహింపవలెను. రెండుపొరల పట్టీ అనగా, పట్టీని నిడుపుగా సగమునకు మడిచి, విడియున్న అంచులను పైగుడ్డ అంచుతో కలిపి కుట్టి, మడత అంచును బొంత మీదుగా వెనుకకు త్రిప్పి హెమ్మింగు చేయునది. అది నడచెడి దారిని వెంబడింతము. కుట్టుకై విడిచిన మార్జిను ఒక పాలు. కుట్టునుండి బొంత అంచు వఱకు ముందువైపున కనబడునది రెండవ పాలు. అచ్చట అది బొంత దళమును దాటవలెను. దాటి, వెనుకవైపున అంచునుండి కుట్టు వఱకు రావలెను, అది మూడవ పాలు. వచ్చి, ఆ కుట్టును కప్పుటకు అంగుళములో ఎనిమిదవ వంతు ముందునకు సాగవలెను. ఇది మడిచిన పట్టీకి చెల్లు లెక్క. పట్టీ రెండుపొరలది గావున అంతయు రెట్టింపగును. అనగా, మార్జినుకు ఆఱు రెట్లు, దళమునకు రెండు రెట్లు, వానిపై పావు అంగుళము: ఇదియే కత్తిరింపవలసిన వెడల్పు. ఒంటిపొర పట్టీకైనచో మార్జినుకు నాలుగు రెట్లును దళమును చాలును. బజారులెక్క నేర్చిన బాలిక కూడ దీనిని వ్రేళ్లపై వేయగలదు.

ఇక రెండున్నరను ఈ లెక్కయందు పరీక్షింతము. పలుచని నూలుదూది పఱచిన బొంత దళము సుమారు ఎనిమిదవ వంతు అంగుళము. అతుకుల పనిలో సర్వత్ర వాడుకలోనున్న మార్జిను పావు అంగుళము. ఆఱు పావులు ఒకటిన్నర, దళమునకు పావు, కప్పుటకు పావు, వెఱసి రెండంగుళములు. రెండున్నర కోసినవారి చేతిలో అర అంగుళము వ్యర్థముగా మిగిలినది. అట్లయిన మార్జినునే పెంచుదమందురా? అంగుళములో ఎనిమిదింట మూడు వంతులు విడిచి కుట్టినచో వలసిన వెడల్పు రెండుముప్పావు. అప్పుడు రెండున్నర చాలనే చాలదు. వెనుకకు వచ్చిన మడత కుట్టుగీత మీదనే నిలిచిపోవును, దానిని కప్పదు. పావుకు వదులు, ఎనిమిదింట మూడు వంతులకు కుఱచ. ఇట్టి బొంతకు ఆ పట్టీ చక్కగా అమరునది అంగుళములో మూడవ వంతు మార్జినుతో కుట్టినప్పుడే. అట్టి మార్జినుతో ముక్కలను కూర్చువారిని నేనెఱుగను. మార్జినును పావుగనే నిలిపి రెండున్నర అమరవలెనన్నచో, బొంత దళము ఎనిమిదింట మూడు వంతులుండవలెను, అనగా నడుమ ఉబ్బెత్తుగా నిలుచు ఉన్నిపొరయో పాలియెస్టరు పొరయో ఉండవలెను. కావున ఈ సర్వజనీనమని చెప్పబడెడి కొలత నిజమునకు ఒక్క తెగ బొంతలకు మాత్రమే చెందినది. ఆ తెగకు అది చెల్లును. మిగిలినవానిపై దానిని రుద్దుటకు అధికారమెచ్చటిది?

ఈ లెక్కను విన్నవారు సాధారణముగా ఎనిమిదవ వంతు అంగుళము ఎవరి కంటికి కనబడునని ఆక్షేపింతురు. కనబడును, అంతేకాదు, పనిలో ఎక్కువ శ్రమపడిన చోటనే కనబడును. అంచువెంబడి త్రిభుజముల వరుసను కూర్చిన బొంతను తీసికొందము. ఫ్లయింగ్ గీస్ అని పిలువబడెడి ఆ త్రిభుజమునకు పాదము రెండంగుళములు, ఎత్తు ఒక అంగుళము అనుకొందము. శిఖరములు వెలుపలికి చూచుచున్నవి. పావు అంగుళము మార్జినుతో పట్టీ కుట్టినచో కుట్టు సరిగా శిఖరబిందువును తాకును. వదులుగానున్న పట్టీని నింపుటకై మార్జినును ఎనిమిదింట మూడు వంతులకు పెంచినచో, పట్టీ శిఖరమునుండి ఎనిమిదవ వంతు లోనికి చొచ్చుకొనివచ్చును. అప్పుడు బిందువుగా ముగియవలసిన చోట పావు అంగుళము వెడల్పుగల మొండి అంచు నిలుచును. ఒక్క త్రిభుజమునకు కాదు, నాలుగు వైపుల ప్రతి త్రిభుజమునకును ఇదే గతి. ఆ శిఖరములు తెగకుండుటకై ముక్క ముక్కను ఇస్త్రీ చేసి, కుట్టు కుట్టును సరిచూచి, తప్పినదానిని విప్పి మరల కుట్టిన స్త్రీ శ్రమనంతయు, కట్టకడపట నడిపిన ఒక్క కుట్టు చెఱచివేయుచున్నది. పట్టీ చెప్పినట్లు బొంత వినవలెననెడి వారు ఈ నష్టమునకు సమాధానము చెప్పవలెను. వారు చెప్పెడి సమాధానము ఒక్కటే: అంచువెంబడి శిఖరములు గల నమూనాలను ఎన్నుకొనకుండుడని! పట్టీకై బొంతరూపమునే మార్చుకొనుమనెడి ఈ ఉపదేశముకన్న ఆ నియమమునకు బలమైన ఖండనమును నేను వ్రాయలేను.

మఱికొందఱు మార్జినును పెంచరు. పావుగనే కుట్టి, అధికమైన గుడ్డను వెనుకకు పోనిత్తురు, లేదా రెండువైపుల సమముగా పంచుదురు. ఎక్కువైన గుడ్డవలన కీడేమి, తక్కువైననే కదా బాధయందురు. ఇది పైకి వివేకమువలె తోచును గాని పరీక్షకు నిలువదు. వెనుకకు పోనిచ్చినచో ముందు పావు అంగుళము, వెనుక అంతకు రెండింతలు మించిన వెడల్పు కనబడును. పట్టీని ముందునుండియే యంత్రముతో కుట్టి ముగించువారికి వెనుక ఆ కుట్టు మడత అంచునకు దూరముగా పడి, అంచు రెక్కవలె లేచి నిలుచును. రెండువైపుల సమముగా పంచినచో మడత బొంత అంచును వదలి వెలుపలికి జరుగును. పట్టీ మూడెనిమిదవ వంతులు, దానిలోని దూది పావు, కడపటి ఎనిమిదవ వంతు బోలు. ఈ బోలుతనమునే నేను అన్నింటికంటె పెద్ద దోషముగా ఎంచుచున్నాను. బొంతలో మొట్టమొదట అరుగునది అంచే: చేతులు దానినే పట్టి లాగును, గడ్డమునకు అదియే తగులును, ఉతుకుడు రాతిపైనను యంత్రములోనను అదియే ఒరసికొనును. నిండుగా నున్న అంచులో దూది వెనుకనుండి గుడ్డను ఆదుకొనును; ఒరపిడి విశాలమైన వంపుపై పంచుకొనబడును. బోలు అంచులో గుడ్డ తనమీద తానే నలిగి పదునైన మడతగా మాఱును, ప్రతి ఉతుకుడునకు అదే గీత మీద నలుగును; తుదకు ఆ గీత మీది పోగు ఒక చోట తెగినచో ఆ మడత పొడవునను విచ్చిపోవును. బొంతల పోటీలలో న్యాయనిర్ణేతలు అంచును వ్రేళ్లతో నొక్కి, అది నిండుగా నున్నదా లేదా అని చూచుటకు కారణమిదియే. అది కేవలము ప్రదర్శనశాలల ఆడంబరమని కొట్టివేయుట అన్యాయము.

నేర్చుకొనువారికి ఒక స్థిరమైన కొలత కావలెననెడి వాదము సదుద్దేశముతో కూడినది. దానిని నేను తేలికగా త్రోసివేయను, ఏలయన మొదటి బొంతను ముగించువారి చేతులు అలసియుండును, మనస్సు ముగింపును కోరుచుండును. కాని అట్టివారికి అంకె నిచ్చి కారణమును దాచుట మేలు కాదు. అంకె మాత్రము తెలిసినవారు, అంచు బోలుగా వచ్చినప్పుడు తమ చేతినైపుణ్యమునే నిందించుకొందురు. తామేదో సరిగా లాగి కుట్టలేదని, తమకీ పని అబ్బదని నిస్పృహ చెందుదురు. తప్పు గుడ్డను కోసిన కొలతయందున్నదని వారికి చెప్పువారుండరు. మార్జిను, దళము అను రెండు మాటలను తెలిపినచో, వారు రెండవ బొంతనాటికి తమ కొలతను తామే కట్టుకొందురు.

పూర్వులు ఒక్క కొలతను పాటింపలేదని వారి బొంతలే సాక్ష్యము చెప్పుచున్నవి. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమునాటి అమెరికా బొంతలలో కొన్నింటి అంచునకు మగ్గముపై నేసిన సన్నని నాడాను కుట్టిరి. కొన్నింటికి అడుగుగుడ్డనే ముందుకు మడిచి కుట్టిరి. సన్నని ఒంటిపొర పట్టీలు ఆ శతాబ్దియందు తఱచుగా కానవచ్చును. మఱొక వైపున పెన్సిల్వేనియా రాష్ట్రములోని లాంకాస్టరు మండలమున ఆమిష్ స్త్రీలు కుట్టిన ఉన్నిబొంతలను చూడుడు: పెద్ద చదరము నడుమ వజ్రాకృతి, చుట్టును విశాలమైన ఏకవర్ణపు అంచులు, వాని వెలుపల కుట్టి ముగిసిన పిమ్మట సైతము అంగుళమునకు చేరువగా కనబడెడి పట్టీ. రెండున్నర అంగుళముల గుడ్డను సగమునకు మడిచి అంతటి అంచును తెచ్చుట అసాధ్యము. అచ్చట పట్టీ అంచును కాపాడుటతో ఊరకుండక రంగుల రచనలో తానును ఒక పాత్ర వహించినది. విశాలమైన వర్ణక్షేత్రములకు సన్నని గీత చాలదని ఆ స్త్రీల కన్ను చెప్పినది. ఆర్డిస్, రాబర్ట్ జేమ్స్ దంపతులు తమ సేకరణను 1997లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయమునకు ఈయగా లింకన్ నగరమున వెలసిన అంతర్జాతీయ బొంతల ప్రదర్శనశాలవంటి చోట్ల, సామాన్యముగా చూపఱులు బొంత నడుమనే చూచి సాగిపోవుదురు. అంచులను వరుసగా చూచుకొనుచు పోయినవారికి ఏకప్రమాణమనునది ఎంత నూతనమైన అలవాటో తెలియును.

మన దేశమునకే వచ్చినను ఇదే న్యాయము. మన పల్లెలలో పాత చీరలను, పంచెలను పొరలుగా పఱచి కుట్టిన బొంతలకు తఱచుగా వేఱు పట్టీయే ఉండదు. పైపొరను అడుగుపొరను లోనికి మడిచి, ఆ మడతల మీదుగా కుట్టును నడపింతురు. అంచు చినుగునని తోచినచో చీర అంచును కోసి చుట్టుదురు. దాని వెడల్పు చీర అంచును బట్టియు, బొంత దళమును బట్టియు ఉండును. ఉత్తర కన్నడ ప్రాంతమున సిద్దీ స్త్రీలు కవంది అను తమ బొంతను అంచునుండియే ఆరంభించి, మడిచిన ముక్కలను కుట్టుకొనుచు చుట్టుగా నడుమకు చేరుదురు. ఆ ముక్కల మడతలే అంచగును గనుక పట్టీ అక్కఱయే కలుగదు. నాలుగు మూలలందు ఫులా అను మడతముక్కలను చేర్చనిదే బొంత పూర్తియైనట్లు వారు తలపరు. వీరెవరును కొలతలేనివారు కారు. ముందున్న వస్తువునుండి కొలతను తీసినవారు.

విదేశములందున్న తెలుగు గృహిణులు కొందఱు తల్లుల చీరలతో బొంతలు కుట్టుచున్నారు. ఈ వాదము వారికి మఱింత ముఖ్యము. వెంకటగిరి నేతవంటి సన్నని నూలుగుడ్డ మడతలో దాదాపు స్థలమునే ఆక్రమింపదు. ముతక ఖద్దరు ఆక్రమించును. ఒకే అంకెతో ఈ రెంటిని కోసినవారికి ఒక అంచు జారుడుగాను, ఒక అంచు బిగుతుగాను వచ్చుట సహజము. జరీ అంచు మఱియు మొండిది. అది మడతకు లొంగక నిలుచును గాన దానికి దళమును ఒకింత ఎక్కువగా లెక్కింపవలెను. పట్టుచీర గుడ్డకు నలిగెడి స్వభావము గలదు. గోడకు తగిలించు చిన్న బొంతకు ఒంటిపొరగా చుట్టవచ్చును గాని, కప్పుకొను బొంతకు రెండు పొరలును నిండు అంచును తప్పవు.

వెడల్పును తగ్గింపుమని నేను చెప్పుచున్నానని కొందఱు భావింతురేమో. సన్నని పట్టీయే నాజూకనెడి మఱొక మూఢవిశ్వాసము కూడ ఉన్నది, అదియు ఖండనార్హమే. దళసరి ఉన్నిపొరగల బొంతకు రెండంగుళముల పట్టీ కోసి, వెనుకకు చేరుటకై దానిని బలవంతముగా లాగి కుట్టుటవలన అంచు ముడుతలు పడి బొంత పళ్లెమువలె వంగును. పసిబిడ్డల బొంతలకు ఒంటిపొర పట్టీ పనికిరాదు. వంపుటంచుల సంగతి వేఱు: వలయములు గొలుసుగా పెనవేసికొన్న డబుల్ వెడ్డింగ్ రింగ్ వంటి బొంతలకు, దర్జీలు క్రాస్ పీసనెడి ఏటవాలు పట్టీయే కావలెను; అచ్చట వెడల్పు ఎక్కువైనకొలది లోవంపులలో గుడ్డ కుప్పపడును. ఏటవాలు పట్టీలో పడుగును పేకయు మడతను అడ్డముగా దాటును గాన, ఒక పోగు అరిగినను మడత అంతయు విచ్చదు. కాని అది సాగుడు గలది, కుట్టునప్పుడు సాగి కొంచెము సన్ననగును, కావున దానిని లెక్కకన్న ఒక వీసము ఎక్కువగా కోయుట మంచిది. పడుగు వెంబడి కోసిన పట్టీ అట్లు సాగదు. ఇన్ని భేదములు గల పనిని ఒక్క అంకెతో ముగింపజూచుట పనిని తెలియకపోవుటయే.

లెక్క సైతము మొదటి అడుగే, ఏలయన దూది కుట్టు క్రింద ఎంత అణగునో లెక్క చెప్పలేదు. బొంతను సరిచేయునప్పుడు కోసివేసిన అంచుముక్కలు మూడు పొరలతోను మిగులును. వానిని పాఱవేయక, జానెడు ముక్కకు లెక్క ప్రకారము కోసిన పట్టీని కుట్టి, త్రిప్పి, బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. లోన దూది తగులుచున్నదా, వెనుక మడత కుట్టును కప్పినదా, మూలలో కోణపు మడత చదునుగా కూర్చున్నదా అను మూడింటిని చూచి, వలసినచో ఎనిమిదవ వంతు కలిపియో తీసియో, పిమ్మట అసలు గుడ్డను కోయవలెను. 60 అంగుళముల వెడల్పు, 80 అంగుళముల పొడవు గల బొంతకు చుట్టుకొలత 280 అంగుళములు. మూలలకును అతుకులకును కలిపి ఎనిమిది పట్టీలు పట్టును. రెండున్నర చొప్పున అవి 20 అంగుళముల గుడ్డను తినును, రెండు చొప్పున 16.

జెల్లీ రోల్ పట్టీలు ఇంట మిగిలియున్నవారు వానిని పాఱవేయవలసిన పని లేదు. బొంత పలుచనిదై, అంచున శిఖరములున్నచో, పట్టీని మడువకముందు ఒక ప్రక్క అర అంగుళము కోసివేసి వాడవచ్చును. ఆ కోసిన పీలిక చిన్న అతుకులలో ఇమిడిపోవును. దళసరి బొంతకైనచో మార్జిను పావుగనే ఉంచి పట్టీని ఉన్నదున్నట్లే కుట్టవచ్చును. పలుచని బొంతకే ఆ పట్టీని పూర్తి వెడల్పున కుట్టవలెనను కోరికయున్నచో, అతుకులపని ముగిసిన వెంటనే చుట్టును ఒక సాదాగుడ్డ అంచును చేర్చి, శిఖరములను కుట్టుగీతకు దూరముగా లోనికి జరిపి, అటు పిమ్మట అంగుళములో మూడవ వంతు మార్జినుతో పట్టీని కుట్టవలెను. అప్పుడు పట్టీ నిండును, శిఖరము తెగదు.